కుర్చీల బస్సు

టీ గ్లాసులు కడిగి బోర్లించగానే కేంద్రంలో అందరూ కుర్చీలు రెండు వరసలుగా సర్దుకుంటారు. మతిమరుపు ముదిరినవాళ్ళు పగలంతా గడిపే చోటు అది. అక్కడ మందుల వాసన ఉండదు. పాటలుంటాయి, బొమ్మలు చేసుకోవడానికి బంకమన్ను ఉంటుంది, ఒలవడానికి బఠాణీలుంటాయి. ఇంకా ఒక బస్సు ఉంటుంది.

ముందు కుర్చీ టైలరమ్మది. జన్మలో స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు గానీ, ఆవిడ పాదం కుట్టుమిషను తొక్కినట్టు ఆడటం మొదలుపెడితే చాలు, కుర్చీలు కదులుతాయి. వెనక నుంచి, ఒకప్పుడు నిజం బస్సులోనే పనిచేసిన కండక్టరు తాత విజిల్ ఊదుతాడు. బండి గుమ్మం దాటి, వీధిలో పడి, పోస్టాఫీసు చుట్టూ తిరిగి వస్తుంది. ట్రాఫిక్ పోలీసు దారిస్తాడు. సిగ్నల్ చూసుకోనందుకు ఒకసారి టైలరమ్మకు చీవాట్లు కూడా పెట్టాడు.

తాత కూతురు మాత్రం ఎన్నడూ ఆ బస్సెక్కలేదు. బేకరీలో పని ముగించుకుని, పిండి చేతులతోనే వచ్చి, గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న వేసేది.

"నాన్నా, నేనెవరో చెప్పు చూద్దాం."

తాత బిక్కమొహం వేసేవాడు. "ఎవరో పెద్దింటి అమ్మాయిలా ఉన్నారు" అనేవాడు మర్యాదగా.

"ఆయనకి పరీక్షలు పెట్టకమ్మా" అని కేంద్రం నడిపే మేడం ఎంత మొత్తుకున్నా ఆమె మనసు ఊరుకునేది కాదు.

దానికి తోడు తాత తెల్లారకముందే ఫస్ట్ డ్యూటీ అంటూ ఇంట్లోంచి మాయమవుతున్నాడు. రోడ్ల వెంట వెతికి వెతికి ఆమె ప్రాణం విసిగిపోయింది. చివరికి ఊరి బయట, గేటుకు తాళం వేసి ఉంచే హోంలో చేర్చడానికి ఒప్పుకుంది. రేపే వ్యాను వస్తుంది.

ఆ మాట మేడంతో చెబుదామని బయల్దేరిన రోజే ఆలస్యమైంది. మలుపు తిరిగేసరికి బస్సు కేంద్రం గేటు దాటేస్తోంది. ఎందుకో తనకే తెలియదు, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది. జడ ఊడిపోయింది.

కీచుమని విజిల్ మోగింది.

"హోల్డాన్! టైలరమ్మా, ఆపు! మా అమ్మాయి వస్తోంది!"

టైలరమ్మ కాలు ఆపింది. వెనక సీట్లో లెక్కల మాస్టారు విసుక్కున్నాడు. "ఒక్క మనిషి కోసం ఇంతమందిని ఆపుతావేమిటయ్యా?"

"రోజూ ఉండే భాగోతమే మాస్టారూ. స్కూలుకి ఏనాడైనా టైముకి తయారైతే కదా!" అంటూ తాత చెయ్యి అందించి ఆమెను పైకి లాగాడు. "మెల్లిగా తల్లీ. నువ్వెక్కకుండా నా బస్సు ఎప్పుడైనా కదిలిందా?"

కదల్లేదు. బడి రోజుల్లో ఒక్కసారి కూడా కదల్లేదు. ఆమె ఆ పిండి చేతుల్లోనే మొహం దాచుకుని హాయిగా ఏడ్చేసింది. పోస్టాఫీసు దాటేలోపు, కుర్చీలోంచే హోంకు ఫోన్ చేసి వ్యాను వద్దని చెప్పేసింది.

"మరి పొద్దున్నే పారిపోతేనో?" అంది పక్క కుర్చీలోంచి మేడం.

"పారిపోవడమేంటి, పాపం బండి కోసం వెతుక్కుంటున్నాడు" అంది టైలరమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "రాత్రికి బండి వాళ్ళ వాకిట్లో పెట్టేద్దాం."

మర్నాడు తెల్లవారుజామున తాత తలుపు తీసుకుని బయటికొచ్చాడు. వాకిట్లో రెండు వరసల కుర్చీలు మంచుకు తడిసి ఎదురుచూస్తున్నాయి. ఆయన గేటు వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. భుజం మీది తువ్వాలుతో సీట్లన్నీ తుడిచి, విజిల్ మెడలో వేసుకుని, ఇంటివైపు తిరిగి కేకేశాడు.

"అమ్మాయీ, జడ తర్వాత వేసుకుందువుగాని, రా!"