నా రెండు నంబర్లు

నేను ఒక త్రీ నాట్ త్రీ తుపాకీని. ఆ పొద్దున్న జిల్లా ఆయుధాగారంలో జరిగిన తనిఖీలో నా బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, నాది కాదని తేల్చారు. ఒంటి మీద 4186, బోల్టు మీద 4189. బోల్టు మారిందంటే నా అసలు బోల్టును ఎవరో బయటికి చేరవేశారనేగా అర్థం!

నన్నడిగితే క్షణంలో తేలేది. మనుషులు అడగరు, రాసుకుంటారు.

బెంగాల్లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పుట్టాను. అప్పటి నుంచి ఎన్నిసార్లు విప్పి బిగించారో! గొట్టం అరిగితే గొట్టం మార్చారు, కర్ర చీలితే కర్ర మార్చారు. మార్చిన ప్రతి ముక్క మీదా మళ్లీ నా నంబరే కొట్టారు. మరమ్మతుకొక ముద్ర చొప్పున పడి, ఒళ్లంతా ఊళ్లు తిరిగిన పార్సిల్‌లా తయారైంది. అయినా వచ్చిన ప్రతి అధికారీ "ఇది ఒరిజినలేనా?" అంటాడు. విసుగు రాదూ?

నన్ను మోసే కానిస్టేబుల్ సింహాద్రికి అప్పుడే సస్పెన్షన్ కాగితం టైపవుతోంది. పదకొండేళ్ల సర్వీసు. బోల్టు ఎవరికి అమ్మావని తనిఖీ అధికారి మూడోసారి అడిగాడు.

"వేరేదైతే ఇంత మెత్తగా మూసుకుంటాదా సార్? ఓపాలి లాగి సూడండి," అన్నాడు సింహాద్రి.

అధికారి లాగి తోశాడు. మెత్తగా మూసుకుంది. రిజిస్టరు తిరగేస్తే 4189 అనే తుపాకీ ఈ జిల్లాకు రానేలేదు. అప్పటికి గానీ ఆయన భూతద్దం తెమ్మనలేదు. బోల్టు మీది తొమ్మిది తోకకు చిన్న గాటుంది. నిరుడు మార్చిన కర్ర మీది ఆరుకూ సరిగ్గా అదే గాటు. అంకెలు కొట్టే అచ్చుల పెట్టె తెప్పించాడు. సున్నా నుంచి ఎనిమిది వరకే ఉన్నాయి. తొమ్మిది లేదు.

ఆయన తలెత్తి, ముప్పై ఏళ్లుగా మమ్మల్ని బాగుచేస్తున్న మెకానిక్కు కన్నయ్య వైపు చూశాడు. కన్నయ్య చేతిలోని నూనెగుడ్డ బల్ల మీద పెట్టాడు.

"నానే సార్. తొమ్మిదికి వేరే అచ్చుండదు, ఆరునే తిప్పి కొడతాం. కళ్లకి పొరొచ్చింది. సెప్తే ఈ బల్లకాడ్నించి లేపేస్తారని సెప్పలేదు. ఈ బోల్టు మీద నంబరరిగిపోతే ఏలితో తడివి మల్లీ కొట్టినాను, ఆరు తిరగబడిపోనాది. నంబరు తేడాగా ఉందేటి మావా అని ఈ సింహాద్రి మొన్ననే అడిగాడు. నీ కళ్లే సూపించుకోరా అని కసిరినాను. నా మీదకొస్తాదని గావాల, ఆ మాట ఈడు మీకాడ అన్లేదు."