న్యాన్ అత్త బోణీ

న్యాన్ అత్త జాడీ మూత తీసి, పైకి తేలిన గుండ్రటి తెల్ల వంకాయల్ని ఒక్కొక్కటే ఉప్పునీళ్ళలోకి నొక్కుతోంది. నలభై ఏళ్ళుగా అదే పని. ఆ చూపుడువేలు కూడా ఊరిపోయి ముడతలు పడింది.

కాలిపోయిన బజారును నాలుగేళ్ళకు మళ్ళీ కట్టారు. ఇన్నాళ్ళూ ఎర్ర నది గట్టుమీద ఎండకీ వానకీ కూర్చున్నవాళ్ళకి ఈ పొద్దున్నే లోపల చోటు దొరికింది. బోణీ బాగుండాలి. వచ్చినవాడు మాత్రం మార్కెట్ సూపర్‌వైజరు. ఒక వంకాయ కొరికి, ధర అడిగి, "ఉప్పెక్కువ" అని చక్కా పోయాడు.

పక్కన ఎండుచేపల తుయెత్ నెత్తి కొట్టుకుంది. "కొనకుండా పోయాడు! కాగితం కాల్చి సరుకు చుట్టూ తిప్పు అత్తా, వాడి దిష్టి పోతుంది."

"గోడ మీద చూడవే."

నిప్పు వెలిగించినా, కొట్టు వదిలి వెళ్ళినా చోటు పోతుందని బోర్డు. చదువురానివాళ్ళు కూడా భయపడాలని అగ్గిపుల్ల బొమ్మ వేశారు.

పదకొండయింది. వరుసలో ఎవరికీ బోణీ కాలేదు. జనం వస్తున్నారు, కొత్త ఫ్యాన్లను మెచ్చుకుని పోతున్నారు. వరుసంతా అత్త వైపే చూస్తోంది.

"కాల్చు అత్తా!" అంది తుయెత్. "నేను అడ్డం నిలబడతా. దాచడానికి నా ఒళ్ళు చాలదూ?"

అత్త రొంటినున్న అగ్గిపెట్టె తీసింది. సూపర్‌వైజరు మూల తిరిగి కనుమరుగయ్యాడు. పుల్ల పెట్టెకు ఆనింది, అక్కడే ఆగింది.

"ఆ రోజు కూడా కాల్చానే."

"ఏ రోజు?"

"బజారు కాలిన రోజు. చెప్పుతో నలిపాననే గుర్తు."

తుయెత్ కాలిన మచ్చలు పడిన మోచేతి మీదికి చొక్కా చెయ్యి లాక్కుంది.

"గుర్తా, నిజమా?"

"నాలుగేళ్ళుగా అదే అడుగుతున్నా నన్ను నేను."

అత్త లేచి జాడీలకు మూతలు బిగించి, కావడికి తగిలించింది.

"దిష్టి నా సరుకుది. నాతోనే తీసుకుపోతా. నువ్వు కాళ్ళు చాపుకోవే, చోటు చాలట్లేదని పొద్దుట్నుంచీ సణుగుతున్నావుగా."

తుయెత్ వెనక్కి పిలవలేదు. కావడి ఊగుతూ వెనక గుమ్మం దాటి, గట్టు వైపు పోయింది.

ఎవరో వచ్చి అరకిలో ఎండుచేపలడిగారు. వరుసకు అది మొదటి బేరం. తూకం వేస్తూ తుయెత్ పక్కకు చూసింది. అత్త కొట్లోని కొత్త తెల్ల రాతిపలక మీద, వదిలేసిన ఉప్పునీళ్ళ గిన్నెలో, రెండు వంకాయల మధ్య అగ్గిపెట్టె ఊరుతోంది.