బ్రహ్మయ్య జేబులో చేతులు

జర్మనీలో ఎర్లాంగెన్ నుంచి రైల్లో ముప్పావుగంట దూరంలో ఉన్న ఆ సంతపట్నంలో దిగిన దగ్గర్నుంచీ బ్రహ్మయ్య తెరిచిన నోరు మూయలేదు. అంగడివీధికి రెండు పక్కలా నాలుగువందల ఏళ్ళనాటి ఇళ్ళు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా దూలాలు బిగించి, మధ్యలో మట్టి మెత్తి సున్నం వేశారు. కాస్త ముందుకు ఒరిగాయే తప్ప ఒక్కటీ పడలేదు. మన దగ్గర నిరుడు కట్టిన అపార్టుమెంటుకే బీటలు!

"కట్టిన మేస్త్రి కనబడితే కాళ్లు మొక్కాలె బిడ్డా" అన్నాడు కూతురితో.

చేతులు మాత్రం జాకెట్టు జేబుల్లోంచి తీయలేదు. కారణం ఉంది. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న కూతురు రాజ్యశ్రీ, తన రూమ్మేటు సంయుక్తకి "మా బాపు కాంట్రాక్టరు" అని చెప్పుకుంది. తండ్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన రోజే ఆ మాట ఆయన చెవిన వేసింది. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు కొట్టి కక్కు పెట్టిన బ్రహ్మయ్య, పిల్ల పరువు కదా అని సరేనన్నాడు. కానీ ఉలి నుంచి ఎగిరిన ఇనుప రవ్వలు ఎడమచేతి చర్మంలో దిగబడి నల్లటి చుక్కలై మిగిలాయి. అవి అబద్ధం చెప్పవు. అందుకే జేబులు.

ఆ సోమవారం సెలవు. ఏడాదికోసారి పాత మిల్లులన్నీ జనానికి తెరిచే రోజు. సంయుక్తతో కలిసి ముగ్గురూ ఏటి ఒడ్డున ఉన్న నీటిమిల్లుకి వెళ్ళారు. ఇల్లంత చెక్కచక్రాన్ని ఏరు తోస్తోంది. లోపల చెక్కపళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకుంటూ ఆ బలాన్ని పై అంతస్తులోని తిరగలి రాయిదాకా మోస్తున్నాయి. పిండి వెచ్చగా జారుతోంది.

"కరెంటు లేదు, డీజిల్ లేదు. ఏరే కూలి చేస్తున్నది!" అన్నాడు బ్రహ్మయ్య. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత అందమైన పని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు మరి.

పక్కనే ఇంకో జత రాళ్ళున్నాయి. మిల్లు పెద్దాయన పైరాయిని ఎత్తి వెల్లకిలా పడుకోబెట్టి, ఉలిసుత్తితో గంట్లు కొట్టి చూపిస్తున్నాడు. ఎనభై దాటిన చెయ్యి, వణుకుతోంది. దెబ్బ ఒకచోట అనుకుంటే ఇంకోచోట పడుతోంది. ఈ పని తనతోనే సరి అంటున్నాడట, రాజ్యశ్రీ చెప్పింది.

బ్రహ్మయ్య ఇక ఆగలేకపోయాడు. అడ్డంగా కట్టిన తాడు దాటి, రాయిని తాకి కళ్ళకద్దుకున్నాడు.

"అంకుల్, లోపలికి వెళ్ళకూడదండీ!" అంది సంయుక్త.

ఆయన ఉలిక్కిపడి ఎడమచెయ్యి జేబులోకి తోయబోయాడు. పెద్దాయన ఆ మణికట్టు పట్టుకుని చుక్కల వైపు అలాగే చూశాడు. బ్రహ్మయ్య చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. పెద్దాయన తన ఎడమచెయ్యి ఆ చెయ్యి పక్కన పెట్టాడు. అవే నల్లటి చుక్కలు. ఏదో అన్నాడు.

రాజ్యశ్రీ ఆ మాటల్ని తండ్రికి తెలుగులో చెప్పింది. "ఎనుకట మిల్లుకు పని అడుక్కుంట వస్తే ఏమొచ్చని అడగకపోయేటోళ్ళట బాపూ. చెయ్యి చూపియ్యిమని ఈ చుక్కలు చూసేటోళ్ళట. నువ్వెన్నేండ్లు చేసినవని అడుగుతున్నడు."

"మీ నాన్నగారు కాంట్రాక్టర్ కదే?" అంది సంయుక్త.

రాజ్యశ్రీ ముఖం కందిపోయింది. బ్రహ్మయ్య తొందరపడి అందుకున్నాడు. "గదేం లేదమ్మా, చిన్నప్పుడు సరదాకు..."

"ఊకో బాపూ" అంది రాజ్యశ్రీ. పెద్దాయనకి ముందు జర్మన్‌లో చెప్పి, తర్వాత సంయుక్త వైపు తిరిగింది. "నేను అబద్ధం చెప్పిన. మా బాపు రాళ్లకు కక్కు కొడ్తడు. ముప్పై ఏండ్లు కొట్టిండు. నన్ను చదివించింది ఆ చేతులే."

పెద్దాయన ఉలిసుత్తి అందించాడు. బ్రహ్మయ్య జాకెట్టు విప్పి కూతురి చేతికిచ్చి, రాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.