అద్దెకి తెచ్చిన చదువు

పొద్దున్నే పిన్ని కుట్టుమిషను ముందు కూర్చోవడం, అక్క కూతురు మంచం మీద పుస్తకం తెరవడం, ఆ ఇంట్లో రెండూ ఒకేసారి జరిగేవి. గది ఒక్కటే. సగం నిండా పిన్ని కుట్టే కర్టెన్ల గుడ్డలు, మిగతా సగంలో అమ్మాయి నర్సింగు చదువు. అక్క పోయినప్పుడు ఈ పిల్లని పెంచడానికి పిన్ని తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. ఆ మాట ఎప్పుడూ అనదు గానీ, పుస్తకం కనబడితే చాలు, ఆవిడ మెడ అటే సాగుతుంది.

కొత్త పుస్తకం కొనే స్తోమత లేక అమ్మాయి ఆన్‌లైన్లో అద్దెకి తెప్పించుకుంది. అద్దె పుస్తకాల సంగతి తెలిసిందే కదా. గడువు తీరాక పుస్తకంతో పాటు, ఎవరి పేరు మీద అద్దెకి వచ్చిందో వాళ్ళు అందులోంచి నేర్చుకున్నదంతా వెనక్కి వెళ్ళిపోతుంది. న్యాయమే మరి, ఇల్లు ఖాళీ చేస్తూ ఇంటివాళ్ళ ఫ్యాను విప్పుకుపోతామా? అందుకే పిల్లలంతా పరీక్ష తేదీ చూసుకుని మర్నాటికి గడువు పెట్టుకుంటారు. అమ్మాయీ అలాగే పెట్టుకుంది.

"ఆ బొమ్మేమిటే?" మిషను ఆపకుండానే అడిగేది పిన్ని.

"గుండె."

"దానికి ఆ రెక్కలేమిటి?"

"కవాటాలు. రక్తం ముందుకే పోవాలి. వెనక్కి రాబోతే మూసుకుంటాయి. నన్ను చదువుకోనిస్తావా లేదా?"

"చదువుకో తల్లీ, నేను వద్దన్నానా?" అని, సూదిలో దారం ఎక్కించేలోపే మళ్ళీ, "మూసుకోకపోతే ఏమవుతుంది?" అనేది.

అమ్మాయి విసుక్కుంటూనే చెప్పేది. ఒక్క మూత్రపిండాల దగ్గర మాత్రం ఓపిక నశించి, "అవి ఊరికే ఉంటాయి పిన్నీ, వాటికి పనేం లేదు" అనేసింది. పిన్ని "ఊఁ" అంది. నమ్మలేదని ఆ ఊఁలోనే తెలుస్తోంది.

తీరా పరీక్ష రేపనగా, కాలేజీవాళ్ళు దాన్ని వారం వాయిదా వేశారు. గడువు పొడిగించమంటే, పుస్తకాన్ని అప్పటికే ఇంకెవరో బుక్ చేసుకున్నారన్నారు. సొంత పుస్తకాలున్నవాళ్ళని అడుగుదామంటే, పరీక్షల ముందు పుస్తకం చేతికిచ్చే మహానుభావులెవరు? అసలే అమ్మాయి ఈ పరీక్ష ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు.

కొరియరతను అట్టపెట్టె తీసుకుని గుమ్మం దాటాడో లేదో, అమ్మాయి బుర్ర ఊడ్చిన గదిలా అయిపోయింది. తన చెయ్యి తనే ముందు పెట్టుకుని చూసుకుంది. అందులో ఒక్క ఎముక పేరూ గుర్తు రాలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

పిన్ని మిషను ఆపింది. "గుండెకి నాలుగు గదులుంటాయి. మనకంటే నయం" అంది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "నీకెలా గుర్తుంది?"

"అద్దెకి తీసుకుంది నువ్వు. నేను ఊరికే విన్నాను."

ఆ వారమంతా మిషను చప్పుడులోనే పాఠాలు నడిచాయి. ఇప్పుడు అడిగేది అమ్మాయి, చెప్పేది పిన్ని. కవాటమంటే జేబు మీద కుట్టే మూతలాంటిదని, అది వదులైతే రక్తం వచ్చిన దారినే తిరిగిపోతుందని గుడ్డముక్క మీద చూపించింది. చివరికి మూత్రపిండాల వంతు వచ్చింది.

"పనేం లేదన్నావుగా" అంది పిన్ని. అమ్మాయి తల దించుకుంది. పిన్నికి నవ్వొచ్చింది. "నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆ పాఠం తీసి కూడబలుక్కుని చదివాన్లే. పని లేనివాటిని ఒంట్లో రెండేసి పెడతారటే ఎవరైనా?"

పరీక్షలో పెద్ద ప్రశ్న మూత్రపిండాల మీదే వచ్చింది.

అమ్మాయి పాసైందని తెలిసిన రోజు పిన్ని చాలాసేపు కర్టెన్ మడత పెడుతూ కూర్చుంది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెట్టింది. చివరికి అడిగింది, "బడికి వెళ్ళకుండా పదో తరగతి పరీక్ష కట్టొచ్చంటావా?"

"కట్టొచ్చు పిన్నీ" అంది అమ్మాయి. జన్మలో మొదటిసారి విసుక్కోకుండా చెప్పింది.

అప్పట్నించీ అమ్మాయి పుస్తకాలు పిన్ని పేరు మీద, పిన్ని పుస్తకాలు అమ్మాయి పేరు మీద అద్దెకి వస్తున్నాయి. గడువు తీరగానే కొరియరతను వచ్చి పెట్టె తీసుకెళ్తాడు. చదువు మాత్రం ఇంట్లోనే ఉంటోంది.