నిండుకుంది

మా పూజగదిలో దీపం వెలిగిస్తున్నాను, కాని గోడలు ఇనుపవి, గుండ్రంగా ఉన్నాయి, పైన కప్పు ఉండాల్సిన చోట మనిషి పట్టేంత మూత తెరిచి ఉంది. ఇది మా ఫ్యాక్టరీలో రసాయనాల ట్యాంకని, తెల్లవారితే కడగడానికి నన్ను దిగమన్నది ఇందులోకేనని తెలుస్తూనే ఉంది, అయినా ఒత్తి సరిచేస్తూనే ఉన్నాను. దీపానికి అవతల నా భార్య అన్న పైడినాయుడు కూర్చున్నాడు. పోయినేడు ఇందులోనే ఊపిరాడక చనిపోయాడు.

"ఏటి బావా, దేవుణ్ని కూడా డూటీలోకి దింపీసినావా?" అని నవ్వుతాడు. ముఖానికి అంత దగ్గరగా ఉన్న మంట మాత్రం కదలదు.

ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడుగుతాను. "అంత జాగర్త మనిసివి, గాలి లేకుండా ఎలగ దిగీసినావు?"

"సిలిండరు తగిలించుకునే దిగినాను. స్టోర్లో సోములు అయ్యప్ప మాలలో ఉన్నాడు. గాలి సంగతేటి స్వామీ అంటే, నిండుకుంది స్వామీ అన్నాడు. నిండిందనుకున్నాను."

గోడలు చెమరుస్తాయి. కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే షిఫ్టు బస్సులో ఉన్నాం, ఆ బస్సుకి కిటికీలు లేవు.

"'లేదు' అంటే అమ్మోరు అలుగుద్దని కదా ఆ మాట? మంచి మాట ఇంత పని సేస్తాదా బావా?" అంటాను.

"అమ్మోరు అలిగితే కాళ్లట్టుకుందుం. నీకేటి సెప్పినారు?"

"సిలిండరు రాలేదు, బేగి కడిగీసి వచ్చీమన్నారు."

"నువ్వేటన్నావు?"

"సూద్దాం అన్నాను."

"సూద్దామంట! పానం మీదకొస్తే పని ఆపొచ్చని గేటు కాడ బోర్డెట్టినారు కదేటి?"

"ఆ బోర్డు సదివి ఆగినోడు ఒక్కడున్నాడా? ఉజ్జోగం పోతే మీ సెల్లికేటి పెట్టమంటావు?"

మళ్లీ ట్యాంకులోనే ఉన్నాం. పైన ఎవరో నడిచి వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని, మూత లాగుతున్నారు.

"దిగనని సెప్పు బావా. సూద్దాం అంటే ఆళ్లు సరే అనే ఇంటారు."

ఫోను మోగి మెలకువ వచ్చింది. సూపర్వైజరు.

"సన్యాసిరావూ, తిన్నగా ట్యాంకు దగ్గరికి వచ్చెయ్."

"గాలి సిలిండరు వచ్చిందా సార్?"

"ఆ సంగతి తర్వాత. ముందు రా."

"అది లేకుండా నేను దిగను సార్."

ఫోను పెట్టేశాడు. వంటింట్లో నా భార్య డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడింది. అంతా వింది. మా కాపురంలో ఏనాడూ ఆమె నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"బియ్యం లేవు," అంది. డబ్బాకి మూత పెట్టకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది.