ఒక్కటి తప్పిస్తే చాలు

కెజయా పందికొవ్వు మూకుడులో డోనట్లు తిప్పుతోంది. చేతుల మీద పాత కాలిన మచ్చలు, మెటికల సందుల్లో పిండి. అమెరికాలో ఉత్తరాదివాళ్ళకూ దక్షిణాదివాళ్ళకూ యుద్ధం; ఉత్తరాది సైన్యానికి గురిచూసి కాల్చేవాళ్ళను ఎంచడానికి ఇవాళ ఊరి మైదానంలో తుపాకీ పరీక్ష. వెర్మాంట్ కొండల నుంచి జనం దిగుతారు, సరుకు మిగలదు. కానీ పరీక్షకు కొడుకు ఆరిన్ కూడా పేరిచ్చాడు.

పాలు పితికి వచ్చిన అతనితో మళ్ళీ అదే అంది. "మామూలు సిపాయి దొరికితే ఖైదులో వేస్తారట. దాక్కుని కాల్చేవాణ్ణి దక్షిణాదివాళ్ళు అక్కడికక్కడే ఉరేస్తారట. ఒక్క గుండు తప్పించు నాయనా, చాలు."

"సరేలేమ్మా. నిద్ర లేచిందగ్గర్నుంచీ ఇదే పాట."

మైదానంలో కెప్టెన్ గొంతెత్తి చెప్పాడు. "పది గుళ్ళూ జానెడు వలయంలో పడాలి. ఒక్కటి బయట పడినా ఇంటికే. నాకు గుంపులో కాల్చేవాళ్ళు వద్దు. దూరంగా, కదలకుండా కూర్చుని, శత్రువు ఫిరంగి పేల్చేవాళ్ళను ఏరి కాల్చగలవాళ్ళు కావాలి. మనుషులు లేని ఫిరంగి వట్టి ఇనుము."

ఆరిన్ మొదటి గుండు వలయానికి బెత్తెడు పక్కన పడింది. కెప్టెన్ తర్వాతి మనిషిని పిలిచాడు. డోనట్ల బుట్టతో నిలబడ్డ కెజయాకు ఊపిరి అందింది.

"ఏం కెజయా," కమ్మరి అమాసా పగలబడి నవ్వాడు, "మీవాడికి నీ డోనట్టు చిల్లు ఏం సరిపోతుంది? బండి చక్రం వేలాడదీయించు!"

చుట్టూ జనం నవ్వారు. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నోర్ముయ్ అమాసా! పరిగెత్తే ఉడతని కంట్లో కొడతాడు మావాడు. కావాలని తప్పించాడు గానీ..."

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

కెప్టెన్ ఆరిన్ కేసి చూశాడు. "కావాలనా? భయమైతే చెప్పు, వెళ్ళిపో. కాదంటే మళ్ళీ నిలబడు."

ఊరంతా చూస్తోంది. ఆరిన్ ఒక్కసారి తల్లి వైపు చూశాడు. ఆమె బుట్టలోకి చూస్తూ, సర్దిన డోనట్లనే మళ్ళీ సర్దింది. అతను నిలబడ్డాడు. పది మోతలు వినిపించాయి. జనం చప్పట్లు కొట్టారు. అమాసా అందరికంటే గట్టిగా కొట్టాడు.

సాయంత్రం బండి నిండా ఎంపికైనవాళ్ళు. ఆరిన్ చర్చికి వేసుకునే బూట్లతోనే ఎక్కాడు. "చలికి మఫ్లర్ తీయకు," అంది కెజయా. బండి వంతెన దాటింది.

ఆవు అరుస్తోందని కెజయా చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. గుమ్మం పక్కన ఆరిన్ పాత బూట్లున్నాయి. ఎన్నిసార్లు తిట్టినా మానని అలవాటు, ముడి విప్పకుండానే లాగేశాడు. ఒకటి నిలబడి ఉంది, రెండోది దాని మీదికి ఒరిగింది.