పాఠం వేళ ఆపేసిన ఫ్యాన్

వంటింటి గోడకు కోసిన గుండ్రటి కన్నంలో పంతొమ్మిదేళ్లు గడిపిన ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని నేను. అందులో తిరిగిన కాలం తక్కువ, ఆగి చూసిన కాలం ఎక్కువ. నన్నడిగితే తిరగడం కంటే చూడటంలోనే అలసట ఎక్కువ.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. మూడు రెక్కలు, రాగితీగ చుట్టిన చిన్న మోటారు, ముందొక ఇనుప జాలీ. అక్కడ పరీక్ష చేసే ఆయన నన్ను ఒక నిమిషం తిప్పి చూసి, "మోత కాస్త ఎక్కువే. గాలి మాత్రం బాగా లాగుతోంది" అని పెట్టెలో పెట్టించాడు. నా జాతకం ఆయన అంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

రాజమండ్రిలో నన్ను ఏరి కొనుక్కున్నది మంగతాయారు గారు. అప్పటికామెకు ముప్పై దాటి ఉంటాయి. భర్త యజ్ఞనారాయణ గారు వయొలిన్ మాస్టారు. రెండు గదులు, ఒక హాలు ఉన్న ఫ్లాటు వాళ్లది. వంటింటికి ఒక కిటికీ ఉండేది గానీ, దోమలొస్తున్నాయని మాస్టారే దానికి మేకులు కొట్టేశారు. అందుకే ఆవిడ నన్ను తెచ్చుకున్నారు.

ఆవిడ పాడేవారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారట. పొద్దున్న కూరగాయలు తరుగుతూ ఆవిడ కీర్తన అందుకుంటే, మాస్టారు హాల్లోంచి "గాంధారం కాస్త కిందికి" అనేవారు. "నాకు తెలుసు లెండి" అని ఆవిడ నవ్వేవారు. మొదటి వారం రోజులూ నేను వాళ్ల మధ్య హాయిగా తిరిగాను.

సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా హాల్లో పాఠాలు. రాత్రి వంటకూ అదే వేళ. పైగా దూరం నుంచి వచ్చే పిల్లలకు ఆవిడ రోజూ ఏదో ఒకటి వేయించి పెట్టేవారు. ఒకనాడు బాణలిలో నూనె పొగ లేస్తుండగా హాల్లోంచి కేక వినబడింది.

"తాయారూ! ఆ ఫ్యాన్ ఆపవే. దాని మోతలో శ్రుతి వినపడి చావట్లేదు."

"పోపు వేస్తున్నానండీ. రెండంటే రెండు నిమిషాలు."

"పోపు ఎక్కడికీ పోదు. ఇక్కడ పిల్ల వర్ణం వాయిస్తోంది."

ఆవిడ స్విచ్చి ఆపేశారు. ఎండుమిరపకాయల ఘాటు తిన్నగా హాల్లోకి వెళ్లింది. పిల్లలు దగ్గారు, కమానులు ఆగాయి. "తలుపు వేసుకో!" అన్నారు మాస్టారు. ఆవిడ తలుపు కూడా వేసుకున్నారు.

అంతే. ఆ రోజు నుంచి అదే ఇంటి పద్ధతి అయిపోయింది. కిటికీకి మేకులు, తలుపుకు గడియ, నాకు సెలవు. పొయ్యి గట్టు కింద పొగలు కక్కే దోమల చుట్ట ఒకటి అదనం. అవతల స్వరాలు ఒక్క మెట్టు కూడా తప్పకుండా నడుస్తుంటే, ఇవతల ఆవిడ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గారెలు తీసేవారు. మాస్టారు చెడ్డవారు కారు. ఆవిడ తినకుండా తినేవారు కాదు, జ్వరమొస్తే పక్కనే కూర్చునేవారు. ఆ తలుపు వెనక ఏముందో మాత్రం ఒక్కసారి తీసి చూడలేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. వాళ్లకు తెలియదు. పెరుగు పడలేదన్నారు, పెరుగు మానేశారు. తర్వాత అరటిపండు మానేశారు. తల సరిగా ఆరబెట్టుకోదని పక్కింటావిడ తేల్చింది. మిరియాల పాలు ఎన్ని గ్లాసులు కాచారో! ఆ పాలు కూడా ఆ మూసిన గదిలోనే కాగేవి.

పాట ఆగిన రోజు కూడా నాకే తెలుసు. తలుపు మూసి ఉంది. ఆవిడ ఒక్కరే, మెల్లగా పై షడ్జం అందుకోబోయారు. గొంతు చిట్లి దగ్గు తెర వచ్చింది. హాల్లోకి వినపడకుండా ఆవిడ గబగబా కుళాయి తిప్పారు. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించలేదు. కొన్ని నెలలకు మాస్టారు, "పాడటం మానేశావేమే?" అని అడిగారు. "తీరికేదండీ" అన్నారావిడ. ఆయన నమ్మేశారు.

పోయిన ఏడాది ఇందుమతి వచ్చింది. చిన్నప్పుడు ఆ హాల్లో వర్ణం వాయించిన పిల్లే, ఇప్పుడు విశాఖపట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు. మాస్టారికి దండం పెట్టి, అమ్మగారి చేతి గారెల కోసం వంటింట్లోకి వచ్చింది. నాలుగు గారెలు వేసేలోపు మంగతాయారు గారు మూడుసార్లు గట్టు పట్టుకుని ఆగారు. ఇందుమతి పళ్లెం పక్కన పెట్టేసింది. వీపు మీద చెవి ఆనించి విన్నది. తర్వాత స్టూలెక్కి నా రెక్క మీద వేలు రాసి చూసుకుంది. వేలు నల్లగా, జిగురుగా వచ్చింది.

"మాస్టారూ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంట్లో సిగరెట్ ఎవరైనా కాలుస్తారా?"

"రామ రామ! మా ఇంటా వంటా లేదమ్మా."

"అమ్మగారి ఊపిరి వింటే ఇరవై ఏళ్లు కాల్చినవాళ్ల ఊపిరిలా ఉందండీ. ఈ ఫ్యాన్ ఎందుకు తిరగదు?"

"పాఠానికి అడ్డమమ్మా, మోత" అన్నారు మంగతాయారు గారు, ఆయన తరఫున తానే తప్పు ఒప్పుకుంటున్నట్టు.

మర్నాడు పరీక్షలు చేయించారు. ఆ పిల్ల చెవి తప్పలేదు. ఇక చెడకుండా కాపాడగలం గానీ పోయిన ఊపిరి పూర్తిగా రాదని చెప్పింది. పొయ్యి వెలిగించక ముందే ఫ్యాన్ వెయ్యండి, వంటయ్యాక పది నిమిషాలు తిరగనివ్వండి, కిటికీ తెరిచి దోమతెర బిగించండి, దోమల చుట్ట పారెయ్యండి అంది. మందులు కూడా రాసిచ్చింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు స్టూలెక్కి నన్ను దింపారు. తీగలు తప్ప వేరే పని తెలియని వేళ్లతో, కిరసనాయిలు గుడ్డ పెట్టి రెక్క రెక్కా తుడిచారు. బకెట్లో నీళ్లు మూడుసార్లు మార్చారు, మూడుసార్లూ నల్లగానే దిగాయి. నాలుగోసారి ఆయన బకెట్ పక్కనే కూలబడి, "ఇదంతా నువ్వు పీల్చావటే?" అన్నారు.

"లేవండి, నడుం పట్టేస్తుంది" అన్నారావిడ.

కిటికీ మేకులు ఊడబీకారు. సాయంత్రం పాఠం వేళకు నా మోత మోగిపోతుంటే పిల్లలు బిత్తరపోయి చూశారు. "అది ఆగదు. మీరే చెవి పెట్టి శ్రుతి వెతుక్కోండి" అన్నారాయన. ఎనిమిది నెలలు అలా తిరిగాను. ఆవిడ దగ్గు తగ్గింది, మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నారు. పాట మాత్రం రాలేదు. ఒకసారి ఆయనే మంద్రంలో కీర్తన అందుకుని ఆవిడ వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, చేత్తో తాళం వేశారు.

ఈ వేసవిలో నా మోటారు కాలిపోయింది. అంత పని ఒక్కసారిగా మీద పడితే ఏ పాతదైనా ఎంతకాలం ఆగుతుంది? ఇప్పుడు వంటింటి కిటికీ బయట, వెనక బాల్కనీలో ఖాళీ సిలిండర్ పక్కన, పాత ఇనుము కొనేవాడి కోసం పడి ఉన్నాను. నా చోట కొత్త ఫ్యాన్ పెట్టారు. అది తిరుగుతున్నట్టే ఉండదు, చప్పుడు ఇసుమంతైనా లేదు.

ఆ నిశ్శబ్దాన్ని మాస్టారు నమ్మరు. సాయంత్రం పాఠం మధ్యలో వయొలిన్ కింద పెట్టి లేచి వస్తారు. చిన్న కాగితం ముక్క చించి జాలీ దగ్గర పట్టుకుంటారు. అది జాలీకి అతుక్కునే దాకా అక్కడే నిలబడతారు.

"తిరుగుతోంది లెండి, వెళ్లండి. పిల్లలు ఎదురుచూస్తున్నారు" అంటారావిడ.

"వెళ్తానే" అంటారాయన. వెళ్లరు. ఇంకో ముక్క చించుతారు.